నున్నని నేల – పసి నడక

పోయిన నెల ఈ పుటలో పసిబిడ్డకు పాలు మాన్పించే వయస్సును గురించి ముచ్చటించుకున్నాము. దానికి కొనసాగింపుగా ఈ నెల బిడ్డకు మాటలు నేర్పడాన్ని గురించి వ్రాయాలని అనుకున్నాము. సగం వ్రాశాము కూడా. ఇంతలో మా ఇంట జరిగిన ఒక సంఘటన ఆ కాగితాలను పక్కన పెట్టించింది. మాటల సంగతి వచ్చే నెల చూసుకుందాము. ఇప్పుడు ఇంటి నేలను గురించి, ఆ నేల మీద పాకి, దోగాడి, పడి, లేచి నడక నేర్చుకునే పసివారిని గురించి పాఠక సోదర సోదరీమణులకు కొన్ని మాటలు విన్నవించుకుంటాము.

మా చిన్నతనంలో మొగల్తూరులోని మా వీధిలో అన్నీ పెంకుటిళ్ళూ తాటాకిళ్ళే. నేల మట్టినేల. ఇరుగుపొరుగువారు పేడతో అలుక్కునేవారు. మేము నేల మీదనే నమాజు చేసుకుంటాము గనుక మా అమ్మగారు ఎర్రమట్టితో మాత్రమే అలికేవారు. ఆ నేల పరుపేమీ కాదు. దాని మీద పడినా బొప్పి కట్టేది. మా ఎడమ కనుబొమ మీది మచ్చ ఇప్పటికీ దానికి సాక్ష్యం చెబుతుంది. అయినా ఆ నేలకు రెండు గుణాలుండేవి. గరుకుగా ఉండి పసికాలికి పట్టునిచ్చేది. నీళ్ళు ఒలికితే కాసేపటికి పీల్చుకునేది.

తరువాత గచ్చులు వచ్చాయి, నాపరాళ్ళు వచ్చాయి. ఆపైన గల్ఫు సంపాదన వచ్చింది. మన గోదావరి తీరగ్రామాల నుండి కువైటుకూ, ఖతరుకూ, దుబాయికీ వెళ్ళినవారి కష్టార్జితం ముందుగా కనిపించేది వారి ఇంటి నేలలోనే. గుజరాతులోని మోర్బీలో కాల్చిన టైల్సు లారీలకెక్కి వచ్చి మన హాళ్ళలో పరచుకున్నాయి. స్తోమత గలవారు గ్రానైటు వేయించారు. మా ఇంటికీ రెండేళ్ళ క్రితం టైల్సు వేయించాము. పని ముగిసిన రోజున మేస్త్రి తడిగుడ్డతో తుడిచి, "మౌల్వీగారూ, ఇందులో ముఖం చూసుకోవచ్చు" అన్నాడు. నిజమే, చూసుకున్నాము. సంతోషించాము కూడా.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళితే గట్టి నేలకు అన్యాయం చేసినవారమవుతాము. పాతకాలపు మట్టినేలే మేలని అనేవారితో మేము ఏకీభవించము. మెక్సికో దేశంలోని కోవాహ్విలా రాష్ట్రంలో 2000వ సంవత్సరంలో పేదల మట్టినేలలకు ప్రభుత్వమే సిమెంటు వేయించే పథకమొకటి మొదలయింది. దాని పేరు 'పీసో ఫిర్మే', అంటే గట్టి నేల అని అర్థం. తరువాత పరిశోధకులు ఆ ఇళ్ళ పిల్లలను పరీక్షించి, 2009లో ఫలితాలు ప్రకటించారు. కడుపులో పురుగులు, విరేచనాలు, రక్తహీనత బాగా తగ్గాయి. పిల్లల బుద్ధి వికాసం కూడా మెరుగయింది. కాబట్టి నేల గట్టిపడటం కీడు కాదు. దాన్ని నున్నగా, మెరిసేలా చేసుకున్న తరువాత, దాని మీద తిరిగే అతి చిన్నవారిని గురించి ఆలోచించకపోవడమే మేము చేసిన పొరపాటు.

ఇక జరిగినదేమిటో చెబుతాము. మా పెద్దమ్మాయి పురిటికి పుట్టింటికి వచ్చింది. అల్లుడు కువైటులో ఉండటం వల్ల, అత్తవారి సమ్మతితో మా దగ్గరే ఉండిపోయింది. మనవడికి పదో నెల నడుస్తోంది. కుర్చీ కోడు పట్టుకుని లేచి నిలబడటం అప్పుడప్పుడే నేర్చాడు. ఆ సాయంత్రం మగ్రిబ్ అజాను వినబడింది. మేము వుజూ చేసుకుని, కాళ్ళు తుడుచుకోకుండానే హాలు మధ్యగా నడిచి, చెప్పులేసుకుని వాకిలి దాటాము. ఇది మాకు కొత్త అలవాటు కాదు. మట్టినేల నాటి నుండీ ఉన్నదే. ఆ నేల తడిని తాగేసేది. ఈ నేల మా అడుగులను ఒక్కొక్కటిగా నిలబెట్టి ఉంచింది.

గేటు దగ్గర ఉండగా లోపల నుండి చప్పుడు, వెంటనే ఏడుపు వినిపించాయి. పిల్లలు ఏడవడం కొత్తా అనుకున్నాము. జమాఅతు తప్పిపోతుందని తొందర. ఆగలేదు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఇప్పుడు ఇది వ్రాస్తుంటే చేయి బరువెక్కుతోంది. ఎందుకంటే, నమాజును దీర్ఘంగా చేయాలని నిలబడిన దైవప్రవక్త (సల్లం) వెనుక వరుసలలో ఒక పసిబిడ్డ ఏడుపు విని, ఆ తల్లి మనసు తల్లడిల్లుతుందని నమాజును క్లుప్తం చేసిన సంగతి బుఖారీ గ్రంథంలో ఉంది. ఆ హదీసును ముప్పై ఏళ్ళుగా మదరసాలో పాఠం చెబుతున్నాము. ఆయన నమాజులో ఉండి ఆలకించారు. మేము నమాజుకు వెళుతూ ఆలకించలేదు.

తిరిగి వచ్చేసరికి బిడ్డ రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. తల వెనుక నిమ్మకాయంత వాపు. ఆటోలో నరసాపురం తీసుకువెళ్ళాము. డాక్టరుగారు కళ్ళలో లైటు వేసి చూశారు, మాడు తడిమారు, కాళ్ళూచేతులూ కదిపి చూశారు, రాత్రంతా అక్కడే ఉంచమన్నారు. గంటకొకసారి నర్సు వచ్చి చూసేది. తెల్లవారుజామున వాడు తల్లి పాలు కుడిచి, నర్సు మెడలోని గొలుసు పట్టుకుని లాగాడు. అల్హమ్దులిల్లాహ్, ఇప్పుడు క్షేమంగా ఉన్నాడు.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో మాటలు చాలా నడిచాయి. ఫోనులో వియ్యపురాలు, "కన్నతల్లి కళ్ళెక్కడ పెట్టుకుంది?" అన్నారు. చూడవచ్చిన బంధువొకరు, "ఈ కాలం ఆడపిల్లలకు చేతిలో ఫోనుంటే లోకం తెలియదు" అన్నారు. అమ్మాయి చేతిలో ఆ సమయాన ఉన్నది ఫోను కాదు, బిడ్డ గుడ్డలు. పెరట్లో ఆరేసినవి తీసుకురావడానికి వెళ్ళింది. అయినా ఎవరికీ బదులు చెప్పలేదు. మేము మాత్రం పెద్దరికంగా, "ఎవరినీ అనకండి, అల్లాహ్ రాసిపెట్టినది జరిగింది" అన్నాము. అందరూ తలలూపారు. అప్పుడు అమ్మాయి మెల్లగా అడిగింది:

"అబ్బా, నేల మీద ఆ తడి ఎక్కడిది?"

నింద వేయడానికి అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. మాకు తెలుసు. ఆ రాత్రి చెప్పలేకపోయాము.

విధివ్రాతను విశ్వసించడం మన ఈమానులో భాగం. దానిని మా అజాగ్రత్తకు ముసుగుగా కప్పుకోవడం వేరే సంగతి. హజ్రత్ ఉమర్ (రజి) షామ్ దేశానికి వెళుతూ, అక్కడ మహమ్మారి వ్యాపించిందని సర్గ్ అనే చోట విని, బృందాన్ని వెనక్కి మళ్ళించారు. దైవనిర్ణయం నుండి పారిపోతున్నారా అని ఒక గొప్ప సహాబీయే అడిగినప్పుడు, తాము ఒక దైవనిర్ణయం నుండి మరొక దైవనిర్ణయం వైపుకే వెళుతున్నామని వివరించారు. పచ్చికలేని ఒడ్డునూ పచ్చికగల ఒడ్డునూ చూపి, ఒంటెను ఏ ఒడ్డున మేపినా అది దైవనిర్ణయంలోనిదే కదా అని ఉపమానం చెప్పారు. ఈ ఘట్టాన్ని కూడా మేము పాఠం చెప్పినవారమే. తడినేలా పొడినేలా ఆ రెండు ఒడ్ల వంటివేనని ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నప్పుడు తోచింది.

మరునాడు ఇంటికి రాగానే అమ్మాయికీ, వాళ్ళ అమ్మీకీ చెప్పాము. తరువాత వియ్యపురాలికి ఫోను చేసి, తప్పు మీ కోడలిది కాదు, మాది అని చెప్పాము. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఆపై, "మీరంతటివారు అలా అనకండి అన్నయ్యగారూ" అన్నారు. అంతటివారమైనందువల్లనే మా మీద ఎవరికీ అనుమానం రాలేదని మాకు అర్థమయింది. ఇంట్లో బిడ్డ పడితే ముందుగా వేలు చూపించేది తల్లి మీదికే. నేలను తడిపినవారు, టీపాయిని దారిలో పెట్టినవారు, గేటు తెరిచి వెళ్ళినవారు ఎవరైనా సరే.

ఆ తరువాత డాక్టరుగారిని మళ్ళీ కలిసి, కొంత చదివి, తెలుసుకున్నవి మీ ముందుంచుతున్నాము.

మొదటిది, బిడ్డ పడటం నడక నేర్చుకోవడంలో భాగమే. న్యూయార్కు విశ్వవిద్యాలయానికి చెందిన కరెన్ అడాల్ఫ్ బృందం ఏడాది నుండి పందొమ్మిది నెలల వయస్సు గల పిల్లలు ఆడుకుంటూ తిరిగే తీరును లెక్కించి 2012లో ప్రచురించింది. సగటున గంటకు 2,368 అడుగులు వేశారు, గంటకు 17 సార్లు పడ్డారు. గంటకు పదిహేడు! పడనివ్వకుండా పెంచుతామని ఏ తల్లీ ప్రతిన పట్టలేదు. ఎక్కడ, దేని మీద పడతాడన్నది మాత్రం మన చేతిలో ఉన్న పని.

పసివాడి తల వాడి శరీరానికి మించిన బరువు. పుట్టినప్పుడు తల పొడవు దేహంలో నాలుగో వంతు ఉంటుంది. పెద్దవారిలో దాదాపు ఎనిమిదో వంతు. అందుకే వాడు తూలితే తల ముందుగా వెళుతుంది. పడబోతూ చేతులు చాచి ఆపుకోవడం కూడా పుట్టుకతో రాదు. ముందుకు చాచడం, పక్కలకు చాచడం వచ్చాకనే వెనుకకు చేతులు ఆనించడం వస్తుంది, అది దాదాపు పది నెలలు నిండే నాటికి. మా మనవడు పడినది సరిగ్గా వెనక్కే. ఇక నేల సంగతి. మెత్తని దాని మీద పడిన తల ఆగడానికి కొంత జాగా దొరుకుతుంది, దెబ్బ ఆ జాగాలో పంచుకుపోతుంది. టైలు ఆ జాగా ఇవ్వదు.

ఇది విని కొందరు తల్లులు బిడ్డను నేల మీదకు దించడమే మానేస్తారు. ఒళ్ళో, మంచం మీద, ఉయ్యాలలో, లేదంటే వాకర్లో ఉంచుతారు. ఇది సరైన దారి కాదు. బిడ్డకు నేల కావాలి. ఇంకా పాకడం రాని బిడ్డను, మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తంలో కనీసం అరగంట బోర్లా పడుకోబెట్టి ఆడించాలనీ, గంటకు మించి ఒకే చోట కట్టిపడేసినట్టు ఉంచకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మంచం మీద వదిలినంత మాత్రాన క్షేమమని కూడా అనుకోవద్దు. నిన్నటిదాకా కదలని బిడ్డ ఈ రోజు బోర్లా పడతాడు. మన మంచాలు ఎత్తయినవి, కింద టైల్సు. దిళ్ళు అడ్డుపెడితే సరిపోతుందనుకుంటాము, వాడు దిండెక్కి దిగుతాడు. పరుపును కొన్నాళ్ళు నేల మీదకే దించుకోవడం మేలు.

వాకరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రతి ఇంటా అది ప్రేమకానుకగా వస్తుంది. మా అల్లుడు కూడా బిడ్డ పడ్డాడని విని, అక్కడి నుండే డబ్బు పంపి, "మామయ్యా, మంచి వాకరు కొనండి, అందులో కూర్చోబెడితే పడడు" అన్నాడు. దూరాన ఉన్న తండ్రి మనసు అది. ఏమీ చేయలేని చోట ఏదో ఒకటి కొనిపెట్టాలనిపిస్తుంది. మేము కొనలేదు. చక్రాల మీద కూర్చోబెట్టి కాళ్ళతో తన్నుకుంటూ తిరిగే ఆ వాకరును కెనడా దేశం 2004 ఏప్రిల్‌లో పూర్తిగా నిషేధించింది. అక్కడ అమ్మకూడదు, ప్రకటన వేయకూడదు. అమెరికాలో 1990 నుండి 2014 వరకు పదిహేను నెలలలోపు పిల్లలు రెండు లక్షల ముప్పై వేలమందికి పైగా వాకరు దెబ్బలతో అత్యవసర చికిత్సకు వచ్చారని ఒక అధ్యయనం లెక్కించింది. ఎక్కువమంది మెట్ల మీద నుండి పడినవారు. నున్నని టైల్సు మీద ఆ చక్రాలు ఎంత వేగంగా పోతాయో ఒకసారి చూసినవారికి ఈ లెక్క ఆశ్చర్యం కలిగించదు. పైగా అది నడక నేర్పదు. బిడ్డ తన కాళ్ళను తాను చూడలేడు, తూకం తాను నిలుపుకోడు. మన పెద్దలు చేయించి ఇచ్చిన మూడు చక్రాల చెక్కబండి వేరు. దాన్ని నిలబడిన బిడ్డ వెనుక నుండి తోస్తాడు. అయితే అదీ టైల్సు మీద ముందుకు జారిపోతుంది, పెద్దవారు పక్కన ఉండాలి, అడుగున చాప ఉండాలి.

నడక ఆలస్యమవుతోందన్న బెంగే చాలామంది చేత వాకరు కొనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా అయిదు దేశాలలో ఆరోగ్యవంతులైన పిల్లలను పరిశీలించి 2006లో తెలిపినదాని ప్రకారం, ఒంటరిగా నడవడం ఎనిమిదో నెల దాటిన వెంటనే వచ్చినవారూ ఉన్నారు, పదిహేడున్నర నెలలకు వచ్చినవారూ ఉన్నారు. అందరూ ఆరోగ్యవంతులే. నూటికి నలుగురు అసలు దోగాడకుండానే నడకకు వచ్చారు. పక్కింటి బిడ్డతో పోల్చి మీ బిడ్డను తొందరపెట్టకండి. పద్దెనిమిది నెలలు నిండినా నడవకపోతే డాక్టరుకు చూపించండి, అంతవరకు నేలనూ సమయాన్నీ ఇవ్వండి.

ఆ నేలను ఎలా సిద్ధం చేయాలన్నదానికి మా ఇంటావిడ చేసినదే చెబుతాము. పెట్టె అడుగున మా అత్తగారి కాలపు బొంతలు రెండు ఉన్నాయి. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టినవి. వాటిని తీసి ఎండబెట్టి హాలులో పరిచింది. మొదటి రోజే ఒక సంగతి బయటపడింది: టైల్సు మీద బొంత తానే జారుతుంది! బిడ్డ దాని అంచు మీద కాలు పెడితే బొంతా వాడూ కలిసి పోతారు. తుంగచాప కూడా అంతే. అందుకని రెండు వైపుల అంచులను బరువైన మంచం కోళ్ళ కింద నొక్కింది. మిగతా వైపు అడుగున జారకుండా ఉండే రబ్బరు జాలీ వేసింది. బజారులో చవకగానే దొరుకుతుంది. రంగురంగుల స్పాంజి పలకలు కూడా పనికొస్తాయి గాని, పళ్ళొచ్చే బిడ్డ వాటిని కొరికి ముక్క మింగే ప్రమాదముంది, కనిపెట్టుకుని ఉండాలి. ఈ బొంతలు మెలకువలో ఆటకే. పసిబిడ్డ నిద్రపోయే చోట మెత్తని బొంతలు, దిళ్ళు ముఖానికి అడ్డుపడతాయి, అక్కడ వద్దు.

కాలికి మేజోళ్ళు వేసి టైల్సు మీద వదలకండి. చలికని, అందమని వేస్తారు. అవి జారుడుబండ వంటివి. ఇంట్లో వట్టి కాలే మంచిది, వేళ్ళు నేలను పట్టుకుంటాయి. నూనె రాసి ఒళ్ళు పట్టడం మన ఇళ్ళలో మంచి ఆచారం. అయితే ఆముదమో కొబ్బరినూనెో రాసిన అరికాళ్ళతో, మోకాళ్ళతో వెంటనే నేల మీదకు వదిలితే వాడు దోగాడబోయి ముఖం కొట్టుకుంటాడు. స్నానం అయ్యాక పాదాలు, మోకాళ్ళు, అరచేతులు పొడిగా తుడిచి దించండి.

తడి సంగతి మళ్ళీ చెప్పక తప్పదు. ముస్లిం ఇంట రోజుకు అయిదు పూటలా, ఇంట్లో ఉన్నంతమందీ వుజూ చేసుకుంటారు. అయిదుగురుంటే ఇరవై అయిదుసార్లు తడికాళ్ళు గుమ్మం దాటుతాయి. సముద్రపు గాలి వీచే మా ప్రాంతంలో వానాకాలమైతే టైల్సు వాటంతట అవే చెమర్చి ఉంటాయి, తడి త్వరగా ఆరదు. ఇంటికంతటికీ కలిపి స్నానాల గది గుమ్మం లోపలి వైపున మందపాటి గోనెపట్టా ఒకటి, కాళ్ళు తుడుచుకోవడానికి ఒక గుడ్డ చాలు. ఇల్లు తడిగుడ్డ పెట్టే సమయంలో బిడ్డ ఎవరి ఒళ్ళోనైనా ఉండాలి, ఆరే వరకు దింపకూడదు. ఎత్తుకున్నవారు జారినా పడేది బిడ్డే. అందుకే ఆరేడేళ్ళ అక్కల చంకకు పసివారిని ఎక్కించి తడి నేల మీద పంపకండి. మా మదరసాకు వచ్చే చిన్నారులలో ఇద్దరు ముగ్గురు అలాగే తమ్ముణ్ణి మోసుకుని వస్తారు. ఇప్పుడు వాళ్ళను వాకిట్లోనే ఆపి, తమ్ముణ్ణి మేము అందుకుంటున్నాము.

మిగతావి త్వరగా చెప్పుకుపోతాము. టీపాయి కొసలకు గుడ్డ చుట్టండి, గాజు బల్ల అయితే కొన్నాళ్ళు గదిలో పెట్టేయండి. బల్ల మీద వేలాడే గుడ్డ ఉంటే లాగుతాడు, పైన వేడి చాయ్ ఉంటుంది. అరుగుకు, మెట్లకు అడ్డం కట్టండి. మన పక్క ఊళ్ళలో లేసు అల్లే ఆడవారున్న ఇళ్ళలో అల్లిక సూదులు నేల మీద మిగిలిపోతాయి; దోగాడే బిడ్డ కంటి ఎత్తు నుండి, అంటే మీరు కూడా మోకాళ్ళ మీద వంగి, రోజుకొకసారి ఇల్లంతా చూడండి. నీళ్ళున్న బకెట్టును నేల మీద వదలవద్దు. తొంగిచూసి తలకిందులయ్యే బిడ్డ లేవలేడు.

ఇన్ని చేసినా పడతాడు. పడితే ముందు కంగారు పడకుండా ఎత్తుకుని, కాసేపు గమనించండి. వెంటనే ఏడ్చి, ఊరుకుని, పాలు తాగి, మునుపటిలా ఆడితే సాధారణంగా భయం లేదు. వాపు మీద చల్లని తడిగుడ్డ వేస్తే చాలు. ఒక రోజంతా కనిపెట్టుకుని ఉండండి. స్పృహ తప్పినా, మళ్ళీ మళ్ళీ వాంతి చేసుకున్నా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, మూర్ఛ వచ్చినా, ముక్కు చెవుల నుండి నీరో రక్తమో కారినా, మాడు ఉబికినా, తల మీద వాపు మెత్తగా గుజ్జులా తగిలినా, ఒక చేయో కాలో కదపకపోయినా, పాలు ముట్టకపోయినా ఆలస్యం వద్దు, ఆసుపత్రికి వెళ్ళండి. 108కి ఫోను చేస్తే అంబులెన్సు ఉచితంగా వస్తుంది. మూడు నెలలలోపు బిడ్డ ఎంత కొంచెం ఎత్తు నుండి పడినా చూపించాలి. వాపును కాపడం పెట్టి రుద్దకండి, గాయంలో కాఫీపొడి నింపకండి. దుఆ చేయండి, తప్పకుండా చేయండి. ఆటోలో కూర్చుని కూడా చేయవచ్చు.

ఎలా పడ్డాడో డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అత్తగారు వింటారని, మామగారు కోప్పడతారని కోడలు ఎత్తును తగ్గించి చెప్పే ఇళ్ళున్నాయి. మంచం మీద నుండి పడినవాణ్ణి నేల మీదనే తూలాడని చెబితే వైద్యం దారి తప్పుతుంది. నిందకు భయపడే ఇంట్లో నిజం ఆసుపత్రి దాకా చేరదు.

ఆలస్యంగా మాకు అర్థమయిన ఒక హదీసుతో ఈ నెల మాట ముగిస్తాము. దైవప్రవక్త (సల్లం) మింబరు మీద ఖుత్బా ఇస్తుండగా, హసన్, హుసైన్ (రజి) ఎర్రని చొక్కాలు తొడుక్కుని, నడుస్తూ తూలిపడుతూ వచ్చారు. ఆయన ఖుత్బా ఆపి, మింబరు దిగి వెళ్ళి, ఇద్దరినీ ఎత్తుకుని తెచ్చి తమ ముందు కూర్చోబెట్టుకున్నారు. తిర్మిజీ, అబూదావూద్, నసాయీ గ్రంథాలలో ఉన్న ఈ ఉదంతాన్ని మనవల మీద ప్రేమకు ఉదాహరణగా ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. అందులో 'తూలిపడుతూ' అన్న మాటకు ఉన్న అరబీ క్రియను వ్యాకరణ పాఠంలో విడదీసి చూపించాము కూడా. ఆ మస్జిదు నేల మట్టిది. వానపడితే కారి బురదయ్యేది. ఆ మెత్తని నేల మీద తూలుతున్న పిల్లల కోసం ఆయన అంతమందిలో మాట ఆపి లేచారు. ఈ సంగతి చదివినంతకాలం మా చూపు మింబరు వైపే ఉంది, ఆ చిన్న కాళ్ళ వైపు లేదు.

ఇప్పుడు మా స్నానాల గది పక్కన ఒక ముక్కాలిపీట ఉంది. వుజూ అయ్యాక దాని మీద కూర్చుని కాళ్ళు తుడుచుకుంటాము. మొదటి వారం ఒకసారి జమాఅతులో మొదటి రకాతు తప్పింది. తరువాత అజానుకు ముందే లేస్తున్నాము. మనవడు నిన్న బొంత మీద ఎవరినీ పట్టుకోకుండా మూడడుగులు వేసి, నాలుగో అడుగుకు కూలబడి, మా వంక చూసి నవ్వాడు. వాడు బోర్లా పడిన నాడు ఎదురింటివారు బొబ్బట్లు చేసి పంపించారు. అడుగులకు అరిసెలు మనమే పంపాలని మా ఇంటావిడ ఈ ఉదయం బియ్యం నానబోసింది.